ఆకు కదలకపోయినా

పెద్దాయన గాలిమర ఆగదు. ఆ వీధిలో ఎవరినడిగినా ముందు చెప్పే మాట అదే. చెట్టు మీద ఆకు కదలని మధ్యాహ్నాల్లో కూడా ఆ మేడ మీద, ఇనుప గొట్టం చివర, మూడు తెల్ల రెక్కలూ నింపాదిగా తిరుగుతూనే ఉండేవి. ఎదురింటి టైలరు కుట్టుమిషను ఆపి మరీ తలెత్తి చూసేవాడు. "పనితనమంటే నీదే అన్నయ్యా, లేని గాలిని కూడా పట్టేస్తున్నావు" అనేవాడు. పెద్దాయన పైకి "అబ్బే, ఏదో కాలక్షేపం" అని కొట్టిపారేసేవాడు గానీ, ఆ మాట విన్న రోజు రెండు ముద్దలు ఎక్కువే తినేవాడు.

ఆయన బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైనవాడు. బస్సులో ఏ లోపమూ లేదని డ్రైవరు చెబితే ఆ బస్సునే ముందు విప్పేవాడు. చాలాసార్లు ఏదో ఒకటి దొరికేది కూడా. దాంతో, లోకంలో అనుమానపడ్డవాడే బుద్ధిమంతుడన్న నమ్మకం ఆయనకు గట్టిగా కుదిరిపోయింది. ఆయన నమ్మింది బహుశా అదొక్కటే.

గాలిమరను తన చేతులతోనే కట్టాడు. ఎవరో పారేసిన వ్యాయామం మిషనులోంచి మోటారు తీశాడు. నీళ్ల గొట్టాన్ని నిలువునా చీల్చి రెక్కలు చేశాడు. నూనె డబ్బా రేకుతో తోక పెట్టాడు. గాలి రెక్కల్ని తిప్పితే మోటారు తిరిగి కరెంటు పుడుతుంది. అది వైరు వెంట దిగి మెట్ల కింద కొట్టుగదిలో ఉన్న రెండు పెద్ద బ్యాటరీల్లో చేరుతుంది. పొద్దు వాలాక ఇంట్లో దీపాలూ ఫ్యాన్లూ వాటి మీదే నడుస్తాయి. ఆ వీధిలో లైను కరెంటు వస్తే వచ్చినట్టు, పోతే పోయినట్టు. అందరి ఇళ్లూ చీకట్లో ఉన్నప్పుడు తన ఒక్క ఇంట్లో దీపం వెలగడం పెద్దాయనకు ఎంతో ఇష్టం.

మొదట్లో, సామాను అమ్మిన కొట్టువాడు చెప్పాడని, వైరు మధ్యలో బొటనవేలంత ముక్క ఒకటి బిగించాడు. డయోడ్ అంటారట. గాలి బాగా వీచిన ఓ రోజు దాని మీద వేలు పెడితే చురుక్కుమంది. పెద్దాయన కళ్లు చిన్నవయ్యాయి. కదలకుండా ఓ మూల కూర్చున్నదానికి ఒళ్లు కాలుతోందంటే అది దొంగతిండి తింటోందన్నమాటే! పీకి మేకుల డబ్బాలో పడేసి, వైర్లు రెండూ నేరుగా కలిపేశాడు. మర ఆగడం మానేసింది ఆ రోజు నుంచే. "చూశావా, అడ్డు తీసేస్తే ఎలా పరిగెడుతోందో" అని టైలరుకు చెప్పుకున్నాడు.

అయితే అంత బాగా తిరిగే మర ఉండి కూడా, తెల్లారేసరికి బ్యాటరీలు ఖాళీ. బ్యాటరీల పెట్టె మీద ఎర్ర దీపం మిణుకుమిణుకుమనేది. రాత్రంతా తనకూ, కూతురికీ, అల్లుడికీ ఫ్యాన్లు తిరిగినా సగం మిగలాలి, లెక్క ప్రకారం. సగం కాదు కదా, పావు కూడా మిగిలేది కాదు.

పెద్దాయన వరసగా అందర్నీ అనుమానించాడు. ముందు బ్యాటరీలు అమ్మినవాణ్ని. తర్వాత ఎలుకల్ని. ఆ తర్వాత టైలరునే. తన ఇంటి గోడ పక్కన ఏదో పోగొట్టుకున్నవాడిలా నడుస్తూ, ఎక్కడైనా దొంగ వైరు తగిలించాడేమో అని ఇటుక ఇటుకా చూశాడు. ఏమీ దొరకలేదు. పైగా రోజూ మెచ్చుకునేవాడి మీద అనుమానం ఎక్కువ సేపు నిలవదు. ఇక మిగిలింది అల్లుడు.

అల్లుడు రంగు చేపలు అమ్ముతాడు. ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో గాజు తొట్లు పెట్టించి, వారానికోసారి వెళ్లి కడిగి వస్తాడు. ఉన్న అద్దె ఇల్లు ఖాళీ చెయ్యమన్నారని, కూతురూ అల్లుడూ వచ్చి పెద్దాయన దగ్గర చేరారు. పెద్దాయనే రమ్మన్నాడు. రమ్మన్నప్పుడు తొట్ల సంగతి తట్టలేదు. ముందు గదిలో మూడు గాజు తొట్లు, వాటిలో పగలూ రేయీ బుడగలు వదిలే చిన్న మోటార్లు. గుడుగుడు, గుడుగుడు. వాళ్లు వచ్చిన రోజులూ బ్యాటరీలు ఖాళీ అవడం మొదలైన రోజులూ దగ్గరదగ్గరగానే ఉన్నాయని లెక్క కుదిరేసరికి, ఆ చప్పుడు పెద్దాయన చెవికి తన కరెంటును ఎవరో స్ట్రా వేసుకుని పీలుస్తున్నట్టే వినిపించసాగింది.

దానికి తోడు అల్లుడు మాట్లాడడు. అడిగితే చెబుతాడు, అడక్కపోతే తొట్లో చెయ్యి పెట్టుకుని కూర్చుంటాడు. నోరు తక్కువ వాడేవాడికి చేతులు ఎక్కువ ఆడతాయని పెద్దాయన సొంత సామెత ఒకటి తయారుచేసుకున్నాడు.

రుజువులు కూడా ఒక్కొక్కటే పోగయ్యాయి. రోజూ పొద్దున్నే దండెం మీద అల్లుడి బనీను పిండి ఆరేసి ఉండేది. రాత్రి హాయిగా పడుకున్నవాడికి బనీను పిండేంత చెమట ఎందుకు పడుతుంది? ఏదో పని చేస్తే పడుతుంది. ఓ రోజు ఇద్దరూ బయటికి వెళ్లినప్పుడు, కిటికీ మూసే వంకతో వాళ్ల గదిలోకి వెళ్లాడు. దిండు కింద చేపల మేత డబ్బా అట్టముక్క ఒకటి కనిపించింది. ఒక చివర చేత్తో పట్టుకుని పట్టుకుని మెత్తబడింది, అంచులు పీచులు లేచాయి. పెద్దాయన దాన్ని వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. డిపోలో వైరు చుట్టి దాచే అట్టలు సరిగ్గా ఇలాగే అరిగేవి. వైరన్నమాట! దిండు కింద దాచుకునేంత వైరు!

ఆ రోజు నుంచి అల్లుణ్ని పిలిచే పిలుపు మారిపోయింది. అంతవరకూ "అల్లుడూ, నువ్వు" అనేవాడు. ఇప్పుడు "అల్లుడుగారూ, తమరు" అయ్యింది. మర్యాద పెరిగిందంటే ఏదో మూడిందని ఆ ఇంట్లో కూతురికి తెలుసు.

"అల్లుడుగారూ, తమరి చేపలు రాత్రిపూట నిద్రపోవా?" అన్నాడు భోజనం దగ్గర.

"పోతాయి మామయ్యా. కళ్లు మాత్రం మూసుకోవు."

"అదే చెబుతున్నా. కళ్లు మూయకుండా పడుకునేవాళ్లతోనే తంటా అంతా."

అల్లుడు తల దించుకుని తిన్నాడు. దించుకున్నాడు, అది గమనించాలి, అనుకున్నాడు పెద్దాయన. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

కంచాలు తీశాక కూతురు వంటింట్లోకి పిలిచింది. ఆమె ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. రక్తంలో ఏముందో ఏం లేదో ఉన్నది ఉన్నట్టు చెప్పడం అలవాటు.

"నాన్నా, అడగాలనుంటే సూటిగా అడుగు. ఇలా గుచ్చొద్దు. ఆయన నీ మొహం చూసి ఏం మాట్లాడాలో తెలీక గదిలోంచి బయటికి రావడమే మానేశారు. ఇంకొక్కసారి ఆయన్ని దొంగని చూసినట్టు చూశావంటే మేం వేరే ఇల్లు చూసుకుంటాం. ఉత్తినే బెదిరించడం లేదు."

పెద్దాయనకు ఒంటరి రోజులు గుర్తొచ్చాయి. ఇల్లాలు పోయాక, వీళ్లు వచ్చేదాకా, ఆ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. తన మాటకు తనే ఊకొట్టుకున్నాడు. సాయంత్రం అన్ని గదుల్లోనూ దీపాలు వేసి, ఏ గదిలోనూ మనిషి లేకపోతే మళ్లీ ఆర్పేసేవాడు. ఆ రోజులు మళ్లీ వద్దు. కూతురు వెళ్లకూడదు. కానీ దొంగ కూడా ఉండకూడదు. కళ్లారా చూపిస్తే కూతురే తెలుసుకుంటుందని, మెత్తగా మందలించి అందరూ కలిసి ఉండొచ్చని ఆయన ఆశ.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు అన్నయ్యా" అన్నాడు టైలరు, సంగతి విని, దారం పళ్లతో తెంపుతూ.

"ఈశ్వరుడికి మెకానిక్కు పని రాదు తమ్ముడూ. నాకొచ్చు."

మర్నాడు ఇంట్లో ఎవరూ లేని వేళ చూసి, తొట్ల వెనక మోకాళ్ల మీద కూర్చున్నాడు. బుడగల మోటార్ల వైరు చాప కింద నుంచి పాకుతూ పోయింది. దాన్ని వేలితో తడుముతూ పెద్దాయనా పాకాడు. వైరు గోడ వారనే వెళ్లి, చిన్న కన్నంలోంచి అవతలికి దూరిపోయింది. గోడకు అవతల ఏముంది? కొట్టుగది. కొట్టుగదిలో ఏమున్నాయి? బ్యాటరీలు!

ఒళ్లంతా ఒక్కసారి వేడెక్కింది. ఇన్నాళ్ల అనుమానం నిజమైనందుకు సంతోషం, ఆ వెనకాలే అంత దుఃఖం. సొంత అల్లుడు! నాకు కావాలి మామయ్యా అంటే లైనులోంచి ఇంకో వైరు తనే లాగి ఇచ్చేవాడు కదా! కోపంతో జేబులోంచి కటింగ్ ప్లయర్ తీసి, కన్నం దగ్గర వైరును కటుక్కుమని కోసేశాడు. గుడుగుడు ఆగిపోయింది. ఈ ఒక్క రాత్రీ చూద్దాం, రేపు పొద్దున ఎర్ర దీపం వెలక్కపోతే అదే రుజువు అనుకుని, టైలరు దగ్గర కూర్చుందామని బయటికి వెళ్లిపోయాడు.

తిరిగి వచ్చేసరికి అల్లుడు ముందు గదిలో ఉన్నాడు. ఒంటి మీద చొక్కా మోచేతుల దాకా తడిసింది. చెంబుతో తొట్లో నీళ్లు ముంచి, పైనుంచి ధారగా మళ్లీ అందులోనే పోస్తున్నాడు. ముంచడం, పోయడం. చేపలన్నీ పైకి తేలి, నోళ్లు తెరిచి, నీళ్ల అంచును చప్పరిస్తున్నాయి. చిన్న తొట్లో మాత్రం నల్ల చారల తల్లి చేప పక్కకు ఒరిగి ఉంది. పలకముక్క మీద అది పెట్టిన గుడ్లు, నిన్నటిదాకా గాజుపూసల్లా ఉన్నవి, సున్నం పూసినట్టు తెల్లబడిపోయాయి. దాని జోడు చేప ఆ పలక చుట్టూ ఒక్కటే తిరుగుతోంది.

"మామయ్యా" అన్నాడు అల్లుడు, చెంబు ఆపకుండా. "నాకు చెప్పి ఉంటే నేనే తీసేసేవాణ్ని కదా."

పెద్దాయన నోరు తెరిచే లోపే కూతురు వచ్చింది. తెగిన వైరు చూసింది, తండ్రి జేబులో ప్లయర్ చూసింది. చెయ్యి పట్టుకుని కొట్టుగదిలోకి తీసుకెళ్లి దీపం వేసింది. వైరు కన్నంలోంచి వచ్చి, బ్యాటరీల వెనకగా, వాటిని తాకనైనా తాకకుండా, అవతలి గోడలోంచి వంటింటి వసారాలోకి పోయింది. అక్కడ లైను కరెంటు ప్లగ్గులో ఉంది దాని తల.

"ముందు గదిలో ప్లగ్గు వదులుగా ఉందని ఇటు లాగారు. నీ బ్యాటరీ ముట్టుకుంటే ఎక్కడ నువ్వు బాధపడతావో అని చుట్టూ తిప్పి లాగారు" అంది. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

బస్సులో అయితే పెద్దాయన వైరు చివరిదాకా చూడకుండా ఏనాడూ ప్లయర్ పెట్టేవాడు కాదు.

మర్నాడు పొద్దున ఎర్ర దీపం ఎప్పట్లాగే మిణుకుమంది. చేపలు దొంగలు కావని చెప్పడానికి ఇక ఎవరి సాక్ష్యమూ అక్కర్లేకపోయింది. కానీ అప్పటికే కూతురు తెలిసినవాళ్లతో మాట్లాడి రెండు గదుల ఇల్లు చూసేసింది. మధ్యాహ్నానికి గుమ్మం ముందు ట్రాలీ ఆటో వచ్చి ఆగింది.

సామాను కదులుతుంటే చూడలేక పెద్దాయన నూనె డబ్బా పట్టుకుని మేడెక్కాడు. మరకు నూనె పెట్టడం ఓ వంక. ఎండ చుర్రుమంటోంది. గాలి స్తంభించిపోయింది. దండెం మీద అల్లుడి బనీను మేకు కొట్టినట్టు నిలువుగా వేలాడుతోంది. పైన మర మాత్రం, మహారాజులా, తిరుగుతోంది.

నిచ్చెన వేసుకుని గొట్టం చివరిదాకా ఎక్కాడు. తోక పక్కన తల పెట్టేసరికి మొహం మీద చెమట చల్లగా ఆరింది. పోనీలే, పైన కాస్త గాలుంది అనుకున్నాడు. నూనె వెయ్యడానికి వంగి తలను రెక్కల ముందువైపుకు జరిపితే ఉక్కపోత. వెనక్కి వస్తే చల్లగా ఉంది. పెద్దాయన కళ్లు చిన్నవయ్యాయి. ఆయన జీవితమంతా ఎదుటివాళ్ల మీద చిన్నవైన కళ్లు, మొదటిసారి తన సొంత సరుకు మీద చిన్నవయ్యాయి.

తోక పట్టుకుని మరను ఇటువైపుకు తిప్పాడు. గాలి కూడా ఇటు తిరిగింది. అటు తిప్పాడు. గాలీ అటు వెళ్లింది. ఏ గాలైనా మనిషి చెప్పిన దిక్కుకు తిరుగుతుందా?

గబగబా దిగి, గొట్టం మొదట్లో టేపు చుట్టిన వైర్ల జాయింటు విప్పాడు. పైన రెక్కలు నెమ్మదించాయి. నెమ్మదించి, ఊగి, ఆగిపోయాయి. మళ్లీ వైరు కలిపాడు. తిరగడం మొదలుపెట్టాయి. ఎప్పుడూ ఒకే వేగం, సీలింగు ఫ్యానులా. నిజం గాలికి ఆ నిలకడ ఎక్కడిది? అది తోస్తుంది, ఆగుతుంది, తిడుతుంది. ఇన్నాళ్లూ వీధంతా చేతులెత్తి దణ్ణం పెట్టిన ఆ నిలకడే దొంగ.

పెద్దాయన ఎండలో అలాగే కూలబడ్డాడు. గాలి లేనప్పుడు బ్యాటరీల్లోని కరెంటు అదే వైరు వెంట వెనక్కి ఎక్కి మోటారును తిప్పుతోంది. రాత్రంతా, తెల్లవార్లూ, ఆగకుండా. కిందికి వచ్చే కరెంటును రానిచ్చి వెనక్కి పోయేదాన్ని ఆపడానికే ఆ బొటనవేలంత ముక్క. అదే కాపలాదారు. కష్టపడి పనిచేస్తోంది కాబట్టి ఒళ్లు వేడెక్కింది. దాన్ని దొంగని పీకి పారేసి, చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాడు.

కింద ఆటోవాడు తాడు కావాలని కేకేశాడు. ఇప్పుడు తను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. డబ్బాలోంచి ఆ ముక్క తీసి గుట్టుగా బిగించేస్తే సరి. గాలి లేదు కాబట్టి ఆగిందంటే వీధి నమ్ముతుంది. పరువూ నిలుస్తుంది, మరా నిలుస్తుంది. ఆటో మాత్రం వెళ్లిపోతుంది. ఆ ఆలోచన రావడమే పెద్దాయనకు సిగ్గనిపించింది. వైరు విప్పి పడేసి, మెట్లు దిగాడు.

గుమ్మం ముందు పెద్ద తొట్టి అప్పటికే ఆటోలో ఉంది, తడిగుడ్డ కప్పి. టైలరు తన అరుగు మీద నిలబడి చూస్తున్నాడు.

"దొంగ దొరికాడు" అన్నాడు పెద్దాయన.

కూతురు వెనక్కి తిరగలేదు. "ఈసారి ఎవరు నాన్నా? ఆటో అతనా?"

"నా మర. గాలి లేనప్పుడు బ్యాటరీయే దాన్ని తిప్పుతోందమ్మా. తాగేసేది అదే. వెనక్కి పోకుండా ఓ ముక్క కాపలా ఉండేది. దాన్నీ నేనే అనుమానించి పీకేశాను."

టైలరు తలెత్తి చూశాడు. రెక్కలు కదలడం లేదు. "అంటే అన్నయ్యా, ఇన్నాళ్లూ మేం చూసింది..."

"ఫ్యాను తమ్ముడూ. మా ఇంటి ఫ్యాను. మీరు మురిసిపోయారు, నేనూ మురిసిపోయాను."

ఎవరూ నవ్వలేదు. అల్లుడు తాడు ముడి వేస్తూ ఉండిపోయాడు. ఆటోవాడు పరుపు చుట్ట భుజానికెత్తుకునేసరికి అందులోంచి అట్టముక్క జారి నేల మీద పడింది. "ఇది సామానా, చెత్తా?" అని అడిగాడు.

కూతురు వంగి తీసింది. "సామానే" అంది. అప్పుడు తండ్రి వైపు తిరిగింది. "తెలుసా నాన్నా ఇదేంటో? బ్యాటరీ ఖాళీ అవుతోందని నువ్వు మొదటిసారి గొణిగిన రోజు నుంచీ మా గదిలో ఫ్యాను వెయ్యలేదు. ఆయన వెయ్యనివ్వలేదు. నాకు నిద్ర పట్టేదాకా దీంతో విసిరేవారు, తర్వాత చెమటలో పడుకునేవారు. పొద్దున బనీను పిండితే నీళ్లు కారేవి."

పెద్దాయన ఆ అట్ట వంక చూశాడు. వైరు చుట్టిందనుకున్న అట్ట. మెత్తబడ్డ చివర, పీచులు లేచిన అంచులు. ఏడుపొచ్చింది ఆయనకు. వీధిలో, టైలరు ముందు, ఆటోవాడి ముందు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"అల్లుడూ" అన్నాడు. "నీ చేపను నేను తిరిగి తేలేను. నాకు విప్పి చూడ్డం తప్ప ఏమీ రాదయ్యా. నీ విషయంలో అది కూడా సరిగ్గా చెయ్యలేదు."

అల్లుడి చెయ్యి ముడి మీద ఆగింది. చాలా రోజుల తర్వాత విన్నాడు, గారు లేని ఆ పిలుపు. కాసేపు తొట్టి మీద గుడ్డ ఎత్తి లోపలికి చూశాడు.

"ఎక్కించాలా, దించాలా? ఏదో ఒకటి తేల్చండి సార్, ఎండ" అన్నాడు ఆటోవాడు.

"ముందు తొట్టి దించు" అన్నాడు అల్లుడు. "నీళ్లు వేడెక్కితే అవి తట్టుకోలేవు."

"మిగతాది?"

అల్లుడు భార్య వంక చూశాడు. ఆమె అట్టముక్క చేతిలో పట్టుకుని లోపలికి నడిచింది. ఆటోవాడు గొణుక్కుంటూ తాడు విప్పాడు.

తొట్టి మళ్లీ తన చోట కూర్చునేసరికి అల్లుడు గోడకు చేరగిలబడ్డాడు. ఒళ్లంతా చెమట. పెద్దాయన పరుగున వెళ్లి ఫ్యాను స్విచ్చి వేశాడు. ఫ్యాను కదల్లేదు. లైనులో కరెంటు లేదు, బ్యాటరీల్లో మిగిలిన చుక్క కూడా ఇందాకటిదాకా మేడ మీద తిరిగిపోయింది. ఆయన ఓ క్షణం ఆ ఫ్యాను కేసి చూసి, కూతురి చేతిలోంచి అట్టముక్క తీసుకుని, అల్లుడి ఎదురుగా నేల మీద కూర్చుని విసరడం మొదలుపెట్టాడు.

"మీరా? వద్దు మామయ్యా, చేతులు నొప్పెడతాయి."

"నొప్పెట్టనీ. ఈ ఇంట్లో గాలి సంగతి నాది కదా."

అల్లుడు కాస్త ఆయన వైపు జరిగి, కళ్లు మూసుకున్నాడు.